ఐదు అక్షరాలు

మూడు నెలలైనా నిండా ఏలని రోమన్ చక్రవర్తి ఆయన. ఆయన వెండి నాణేలు దొరకడమే గగనం. మ్యూజియంలో ఉన్న పదకొండింటిలో ఒకదాని అంచున ఐదు అక్షరాలు వేరు. ఆ మాట ఇంకే నాణెం మీదా లేదట. దానిమీద లావుపాటి పుస్తకం రాసినప్పటినుంచి మ్యూజియం పెద్దసారు నేల మీద నడవడం మానేశారు. రేపు దాన్ని అద్దాల పెట్టెలో పెడతారు. ఈలోగా, నాణేలు శుభ్రంచేసే చిట్టి పరీక్షించి, అంతా అసలుదేనని సంతకం పెట్టాలి. ఒకప్పుడు అదే బల్ల దగ్గర వాళ్ల నాన్న పనిచేసేవాడు.

మధ్యాహ్నం నాణేన్ని భూతద్దం కింద పెట్టింది. మిగతా అక్షరాలన్నీ అచ్చు దెబ్బకు ఉబికినవి. ఆ ఐదింటి చుట్టూ మాత్రం ఉలి గీతలున్నాయి. ప్రతి గీత చివరా ఎడమకు చిన్న కొక్కెం.

పక్కనే ఉన్న తన పాత పెన్సిలు డబ్బా తిప్పి చూసింది. చిన్నప్పుడు నాన్న ఎడంచేత్తో దానిమీద 'చిట్టి' అని చెక్కాడు. అక్కడా అవే కొక్కేలు.

జరిగింది తెలిసిపోయింది. మురికి పట్టి వచ్చిన నాణేన్ని మందులో ఎక్కువసేపు ఉంచేసి ఉంటాడు. అక్షరాలు కరిగిపోతే, ఉద్యోగం పోతుందని హడలిపోయి, తోచినట్టు చెక్కేశాడు. ఇప్పుడు నిజం రాస్తే చచ్చిపోయిన మనిషి పరువు బజారున పడుతుంది. సంతకం పెట్టేస్తే అడిగే నాథుడు లేడు.

కలం తీసింది. ఆలోచిస్తూ, వేలితో ఆ అక్షరాలను బల్లమీద దిద్దింది. నిలువు, అడ్డం, కొక్కెం. మళ్లీ నిలువు. వేలు ఆగిపోయింది.

మాట పడిపోయిన ఆఖరి నెలలో నాన్న గోటితో దుప్పటి మీద గీసింది ఇదే. "మంచంలో కూడా పని మానడు మీ నాన్న," అనేది అమ్మ. చిట్టి ఆ చేతిని దుప్పటి కింద దోపేది. ఆయన బయటికి లాగి మళ్లీ మొదలుపెట్టేవాడు. ఇప్పుడు ఈ గదిలో, ఆ గోటి చప్పుడు ఆమెకు స్పష్టంగా వినిపించింది. భయమేసింది. ఆ వెనకే ఏడుపొచ్చింది.

ఉన్నదున్నట్టు రాసి ఇచ్చింది.

పెద్దసారు ముఖం పాలిపోయింది. "ఇది మీ నాన్న పనేనని ఎలా చెప్పగలవమ్మా?"

"నాన్నే చెప్పాడు సార్. నెల రోజులు చెప్పాడు. నేనే చెయ్యి పట్టుకుని ఆపేశాను."