అరగదీసిన మూల

“అదేంటమ్మా, వైరు కింద గుచ్చుతున్నావు? నేను పైన పెట్టానే!”

అత్తగారు ఆ మాటన్నది గుమ్మంలో నిలబడి, చేతిలో తుడిచే గుడ్డతో, ఏ పాపమూ ఎరగని మొహంతో. బల్ల కింద దూరి కంప్యూటర్ వెనక మానిటర్ వైరు బిగిస్తున్న కోడలు ఒక్క క్షణం అలాగే ఆగిపోయింది. తర్వాత గబుక్కున లేవబోయి తల బల్లకి కొట్టుకుంది.

“మీరెప్పుడు పెట్టారు?” అంది నెత్తి రుద్దుకుంటూ బయటికొచ్చి.

“గోడలకి రంగులేయించినప్పుడు. బల్ల జరిపి, వైర్లన్నీ పీకి, తుడిచి మళ్ళీ నేనే పెట్టాను. రెండు కన్నాలూ ఒక్కలాగే ఉన్నాయి. పైదాంట్లో పెడితే బొమ్మ వచ్చింది. వచ్చింది కదా అని ఊరుకున్నాను. ఏం, పేలిపోతుందా?”

పేలింది. కాకపోతే కంప్యూటర్ కాదు.

ఆ రెండు కన్నాల్లో పైది మదర్‌బోర్డుది, కిందిది గ్రాఫిక్స్ కార్డుది. పైదాంట్లో పెట్టినా తెర మీద బొమ్మ వస్తుంది. కాని ఆమె ఆడే వీడియో గేమ్‌కి ప్రాణంలాంటి కార్డు మాత్రం పనీపాటా లేకుండా ఊరికే కూర్చుంటుంది. ఆట ఈడుస్తుంది, ఆగుతుంది, మళ్ళీ ఈడుస్తుంది. పోయిన వారం సరిగ్గా అదే జరిగింది. ఆమె మూత తీసి లోపలంతా చూసింది, ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో చూసింది, ఆటని తీసేసి మళ్ళీ ఎక్కించింది. గోడ వైపు తిరిగి ఉన్న వెనక భాగం మాత్రం చూడలేదు. చూడకుండానే వైర్లన్నీ పీకి, కంప్యూటర్‌ని చంకనేసుకుని వెళ్ళి కంప్యూటర్ బావ ముందు పెట్టింది.

కంప్యూటర్ బావ అంటే అత్తగారి అన్న కొడుకు. ఆమె భర్తకి బావ, వరసకి ఆమెకి అన్నయ్య. బజారులో పెద్ద కంప్యూటర్ల కొట్టు నడుపుతున్నాడు కాబట్టి ఇంట్లో అందరికీ కంప్యూటర్ బావే. రెండు రోజులు మెషిన్ దగ్గర పెట్టుకుని, నిన్న సాయంత్రం పెదవి విరిచి చెప్పాడు. “కార్డు కాలిపోయింది చెల్లెమ్మా. ఇంక తుక్కే. నువ్వు కాబట్టి తుక్కు కింద తీసుకుని, పైన కొంచెం డబ్బు తీసుకుని, ఈ చిన్న కార్డు ఇస్తున్నాను. దీంతో సర్దుకో.”

ఆమె సర్దుకుంది. పైగా థాంక్స్ అన్నయ్యా అని కూడా చెప్పింది. ఆ థాంక్స్ ఇప్పుడు గొంతులో ఎముకలా అడ్డం పడింది.

ఎందుకంటే ఆ కార్డు ఆషామాషీగా వచ్చింది కాదు. కళ్ళజోళ్ళ కొట్టులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆమె ఉద్యోగం. ఆ జీతంలో ఇల్లు గడవగా మిగిలిందే ఈ మెషిన్. మొదట్లో కంప్యూటర్ బావ చుట్టూ గాజు పలకలున్న క్యాబినెట్టూ, రంగులు మార్చే లైట్లూ చూపించి, “చూడు చెల్లెమ్మా, గదికే కళొస్తుంది” అన్నాడు. “గదికి కళెందుకన్నయ్యా, నేను చూసేది తెరని కదా” అని ఆమె లైట్లు వద్దంది, గాజు వద్దంది. తను పనిచేసే కళ్ళజోళ్ళ కొట్టులో బిల్లుల కంప్యూటర్ మార్చినప్పుడు పారేసిన రేకు డబ్బాని క్యాబినెట్టుగా అడిగి తెచ్చుకుంది. ప్రాసెసర్ కొత్తది కాకుండా దాని ముందు తరంది తీసుకుంది, అదీ సొంతంగా బొమ్మ చూపించగల రకం. కార్డు కొనేదాకా దాంతోనే నెట్టుకొచ్చింది. పవర్ సప్లై దగ్గర మాత్రం ఒక్క మెట్టు కూడా దిగలేదు. “కరెంటుతో పిసినారితనం చేస్తే మిగతావన్నీ తగలబడతాయి” అని ఆమె అంటే, అప్పుడు కంప్యూటర్ బావే నవ్వాడు, “నీకన్నీ తెలుసే!” అని.

ఆఖర్న కార్డు. మూతపడుతున్న ఒక వీడియో స్టూడియోలో కొన్నది, ఏడాది వాడినది, మొత్తం బడ్జెట్‌లో సగం మింగేసింది. తీరా ఇంటికి తెస్తే రేకు డబ్బాలో పట్టలేదు. లోపల డిస్కులు బిగించే ఇనుప చట్రానికి మేకు తలలా పొడుచుకొచ్చిన ఒక రివెట్ ఉంది. కార్డు ప్లాస్టిక్ తొడుగు మూల సరిగ్గా దానికి తగులుతోంది. ఆమె మర్నాడు కొట్టు నుంచి సన్నటి ఆకురాయి తెచ్చింది. ఫ్రేములో అద్దం కూర్చోబెట్టేటప్పుడు అంచుని ఏటవాలుగా ఎలా తీస్తుందో, ఆ మూలని అలా తీసింది. తీసి నెడితే ‘టక్’ మని కూర్చుంది.

అంత చేసింది ఊరికే కాదు. ఆన్‌లైన్‌లో తుపాకుల ఆట ఆడే వాళ్ళ నలుగురి జట్టులో దూరం నుంచి గురిపెట్టి కొట్టే పని ఆమెది. రేపు ఆదివారం ఫైనల్. “ఇవాళ సాయంత్రం ప్రాక్టీసుకి నీ మెషిన్ సిద్ధం కాకపోతే రేపు వేరేవాళ్ళని దించాలి అక్కా, ఏమనుకోకు” అని కెప్టెన్ పొద్దున్నే చెప్పేసింది. చిన్న కార్డుతో ఆట నడుస్తుంది కాని, దూరపు మనిషి మనిషిలా కాదు, మచ్చలా కనిపిస్తాడు. మచ్చని చూసి గురి ఎవరు పెడతారు?

కోపం వచ్చిందని వెంటనే ఎగరలేదు ఆమె. ముందు ఆ చిన్న కార్డుతోనే ఆట తెరిచింది. నడిచింది. వైరు పీకి, అత్తగారు పెట్టినట్టే పై కన్నంలో పెట్టి మళ్ళీ తెరిచింది. ఈడ్చింది, ఆగింది, మళ్ళీ ఈడ్చింది. పోయిన వారం ఈడ్చినట్టే.

“కార్డుకేమీ కాలేదు,” అంది. “మీ బావ నా కార్డు కొట్టేశాడు.”

మంచం మీద పడుకుని ఫోన్ చూసుకుంటున్న భర్త లేచి కూర్చున్నాడు. “ఛ, ఊరుకో. బావకి తెలీక అయ్యుంటుంది.”

“తెలీకా? పొద్దున లేస్తే ఆయన చేసే పని అదేనండీ!”

“అయినా మనవాడే కదా. ఇప్పుడు పోయి అడిగితే బావుంటుందా? పోనీలే, మళ్ళీ కొనుక్కుందువుగాని.”

“మీవాడు కాబట్టే ధైర్యంగా తీశాడు. పరాయివాడైతే భయపడేవాడు.”

“నీకు ఆట ముఖ్యమా, చుట్టరికం ముఖ్యమా?”

జవాబు చెబితే ఇల్లు కూలేలా ఉంది. ఆమె వైర్లు పీకి, రేకు డబ్బా ఎత్తుకుని చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. వెనక చప్పుడైతే తిరిగి చూసింది. అత్తగారు గుడ్డ అవతల పారేసి, చేతిసంచీ తీసుకుని వస్తోంది.

“మీరెందుకు?”

“వైరు పెట్టింది నేను కదే! పద.”

శనివారం కావడంతో కొట్టు కిటకిటలాడుతోంది. గాజు బల్ల కింద రెండో వరసలో, వాడిన వస్తువుల మధ్య కూర్చుని ఉంది ఆమె కార్డు. మీద ధర చీటీ. అరగదీసిన మూల గోడ వైపు తిప్పి పెట్టారు. అయినా ఫ్యాను అంచు మీద కొన్నప్పటి నుంచీ ఉన్న గీత చాలు, ఆమెకి. హెల్మెట్ చంకలో పెట్టుకున్న ఒకాయన వంగి దాన్నే చూస్తున్నాడు.

ఆమెకి చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. ఇక్కడే అరిస్తే? “మతిపోయిందా చెల్లెమ్మా, ఇది వేరే కార్డు” అంటాడు. పదిమందిలో పిచ్చిది ఎవరవుతారో తెలిసిందే. పళ్ళు బిగబట్టి, రేకు డబ్బా బల్ల మీద పెట్టి, నవ్వింది.

“ఏం చెల్లెమ్మా, మళ్ళీ ఏమొచ్చింది? అత్తయ్యా, నువ్వూ వచ్చావా! కూర్చో, కూర్చో.” కంప్యూటర్ బావ స్టూలు లాగి మేనత్తని కూర్చోబెట్టాడు.

“చిన్న కార్డు చాలట్లేదన్నయ్యా. అదిగో, అదైతే సరిపోయేలా ఉంది.”

“అదా? అది...” అతని చూపు ఒకసారి కార్డు మీదికీ, ఒకసారి ఆమె మొహం మీదికీ వెళ్ళొచ్చింది. “అది ఈ సార్ తీసేసుకున్నారమ్మా.”

“ఇంకా తీసుకోలేదండీ,” అన్నాడు హెల్మెట్ ఆయన. “నడుస్తుందో లేదో చూపించమని అరగంట నుంచి మొత్తుకుంటున్నాను.”

“అంతేకదా, నా మెషిన్ ఇక్కడే ఉంది. నేను పెట్టి చూపిస్తాను,” అంది ఆమె.

కొనేవాడి ఎదురుగా కాదంటే కార్డు మీద అనుమానం. కంప్యూటర్ బావ ఇష్టం లేకుండానే గాజు తలుపు తెరిచాడు. ఆమె చిన్న కార్డు పీకి, తన కార్డు పెట్టింది. ‘టక్’. బల్ల మీది మానిటర్ వైరు తీసుకుని డబ్బా వెనక పెట్టింది. పై కన్నంలో.

ఆట తెరిచింది. బొమ్మ ఈడ్చింది, ఆగింది, మళ్ళీ ఈడ్చింది.

“ఇదేంటండీ?” హెల్మెట్ ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. “ఇది పోయిన కార్డు. నాకొద్దు.”

“పోవడమేంటి సార్!” కంప్యూటర్ బావ బల్ల చుట్టూ తిరిగి పరుగున వచ్చి, డబ్బా వెనక్కి ఒక్కసారి తొంగిచూశాడు. “కార్డు బంగారం సార్, రాత్రే నేను పరీక్ష చేశాను. ఈవిడ వైరు తప్పు కన్నంలో పెట్టింది, అంతే. ఇలాంటివి రోజూ వస్తుంటాయి మాకు. ఒక్క చూపు చాలు, చెప్పేస్తాను.”

వైరు పీకి కింది కన్నంలో పెట్టాడు. ఆట గుర్రంలా పరిగెత్తింది.

“ఒక్క చూపు చాలా, అన్నయ్యా?” అంది ఆమె.

అతను వైరు వదిలి వెనక్కి జరిగాడు.

“మరి నా మెషిన్‌ని రెండు రోజులు చూశావు కదా. అదీ ఇదే జబ్బు. అప్పుడు ఈ కింది కన్నంలో పెట్టి చూడలేదా? కాలిపోయింది, తుక్కు అన్నావు. తుక్కుకి ఇంత ధరా?”

“ఇది... అది కాదమ్మా. అది వేరే కార్డు. మీ ఆడవాళ్ళకి అన్నీ ఒకలాగే...”

“ఆ మాట పూర్తి చెయ్యకు!” ఈసారి ఆమె గొంతుకి కొట్టంతా తిరిగి చూసింది. “అదిగో, పైన అట్టపెట్టెలో ఇదే రకం కొత్తది ఉంది. దించు. నా డబ్బాలో పెట్టు. పడితే తప్పు నాదని ఇక్కడే చెంపలేసుకుని పోతాను.”

అతను కదల్లేదు. ఆమె మెషిన్ ఆపి, తన కార్డు తీసి బల్ల మీద పెట్టింది. హెల్మెట్ ఆయనే చెయ్యి చాచి పెట్టె దించి, విప్పి, కార్డు పెట్టబోయాడు. మూల రివెట్‌కి తగిలి ఆగింది. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. దిగలేదు.

“ఇప్పుడు ఆ తుక్కు చూడండి సార్. మూల చూడండి.”

ఆయన వేలితో ఏటవాలు అంచుని తడిమాడు. మళ్ళీ రివెట్‌ని తడిమాడు. హెల్మెట్ తీసుకుని, “రోడ్డవతల ఇంకో కొట్టుందనుకుంటా,” అని వెళ్ళిపోయాడు. ఆయన వెనకే మరో ఇద్దరు జారుకున్నారు.

స్టూలు కిర్రుమంది. అత్తగారు లేచింది.

“ఒరేయ్,” అంది మేనల్లుణ్ణి. “చిన్నప్పుడు సెలవులకి మా ఇంటికొచ్చేవాడివి. పిల్లల బంతి పోయేది. ఇల్లంతా అందరికంటే ముందు నువ్వే వెతికేవాడివి. చివరికి నీ పక్క కిందే దొరికేది. గుర్తుందా?”

“అత్తయ్యా, ఇప్పుడవన్నీ...”

“ఇంత కొట్టు పెట్టావు కదరా. ఇంకా బంతులేనా?”

అతని మొహం నల్లబడింది. గల్లాపెట్టె తెరిచి, నిన్న తీసుకున్న డబ్బు తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె చిన్న కార్డుని అతని వైపు నెట్టింది. అతని స్క్రూడ్రైవర్ అడక్కుండానే తీసుకుని తన కార్డు బిగించుకుంది.

“చెల్లెమ్మా,” గొంతు తగ్గించాడు. “మీ ఆయనకి మాత్రం...”

“నేను నీకు చెల్లెల్ని కాదు. బేరానికొచ్చాను, బేరం అయిపోయింది.”

ఇంటికొచ్చేసరికి భర్త గుమ్మంలోనే ఉన్నాడు.

“బావ ఫోన్ చేశాడు. కొట్టు నిండా జనం ముందు పరువు తీశావట. ఏం బాగోలేదు నువ్వు చేసింది. ఇప్పుడు వాళ్ళ మొహం ఎలా చూడాలి నేను?”

“కార్డు కొట్టేశాడని చెప్పాడా ఫోన్లో?”

“అది సరే, మెల్లగా అడిగితే...”

“పొద్దున మెల్లగానే చెప్పాను మీకు. మంచం దిగారా?”

డబ్బా బల్ల మీద పెట్టింది. మానిటర్ వైరు కింది కన్నంలో పెట్టింది, వేలితో తడిమి మరీ. ఆట తెరిచింది. దూరపు కొండ మీద నిలబడ్డ మనిషికి భుజాలున్నాయి, మొహం ఉంది. స్పీకర్లో కెప్టెన్ గొంతు వినిపించింది. “అక్కా! మెషిన్ వచ్చేసిందా?”

“వచ్చింది. మొదలుపెట్టండి.”

“నాతో మాట్లాడుతుంటే...” అన్నాడు భర్త వెనకనుంచి.

ఆమె కుర్చీ తిప్పలేదు. “రేపు ఫైనల్ అయ్యేదాకా నాతో మాట్లాడకండి. అయ్యాక నేనే మాట్లాడతాను. కూర్చునే వినండి, చాలాసేపు పడుతుంది.”

హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. వెనక అత్తగారు కొడుకు చెయ్యి పట్టుకుని బయటికి లాక్కెళ్ళి తలుపు దగ్గరికి వేసిన చప్పుడు ఆమెకి వినపడలేదు. కొండ మీద మనిషి కదిలాడు. ఆమె గురి పెట్టింది.