పేరుకున్న నూనె

పెద్దిరాజు గారు వెనక బెంచీలో కూర్చున్నారు. ఆయన మండల విద్యాధికారి. మాట తక్కువ, పెన్ను ఎక్కువ. పోయిన నెల పక్క ఊరి బడిలో ఒక విద్యా వాలంటీరు పాఠం విని, బాగోలేదని రాసేసి వెళ్లారు. ఉద్యోగం పోయి, మర్నాటి నుంచి ఆ వాలంటీరు పిల్ల మళ్లీ బడి గుమ్మం తొక్కలేదు. ఇవాళ సత్యశ్రీ వంతు. ఆమెదీ అదే ఉద్యోగం, ఏడో తరగతికి సైన్సు.

బల్ల మీద గాజు గొట్టం నిలబెట్టి ఉంది, పైన తువ్వాలు కప్పి. నిన్న మధ్యాహ్నం అందులో కొబ్బరినూనె పోసి, తన దండలోంచి తెంపిన ప్లాస్టిక్ పూసలు వేసి చూసుకుంది. ఒక్కటీ తొందరపడలేదు, ఒక్కటీ ఆగలేదు. కిందికి లాగే బరువూ, అడ్డుపడే నూనె బలమూ సరికి సరి అయితే, కదిలే వస్తువు అదే వేగంతో పోతుందని పిల్లలకు చూపించడానికి అంతకంటే ఏం కావాలి?

తువ్వాలు తీసింది. గొట్టం కింది సగం తెల్లగా ఉంది. డిసెంబరు చలికి రాత్రి నూనె పేరుకుంది. పి.గన్నవరంలో పుట్టి పెరిగిన మనిషికి ఆ మాత్రం తెలియదా అంటే, తెలుసు. చలికాలమంతా నూనె సీసా ఎండలో పెట్టుకునే తలకి రాసుకుంటుంది. భయం ఉన్న బుద్ధిని కూడా ఉండనివ్వదు.

చేసేదేముంది, పూస వేసింది. అది నిదానంగా దిగి, తెలుపు దగ్గర ఆగిపోయింది.

"ఆగిపోయిందేంటమ్మా?" అన్నారు పెద్దిరాజు గారు, పెన్ను మూత తీస్తూ. "ఇప్పుడు బలాలు సమానంగా లేవా?"

జవాబు తెలుసు, కాని చూపించాలంటే ముందు నూనె కరగాలి. గొట్టం పట్టుకుంటే చేతులు నూనె కంటే చల్లగా ఉన్నాయి. ఇక సిగ్గుపడి లాభం లేదని, దాన్ని పైటచెంగులో చుట్టి నిలువుగానే పొట్టకి అదుముకుంది. పిల్లలు కిసుక్కుమన్నారు. ఆయన నవ్వలేదు. అందుకే ఇంకా భయం వేసింది.

చాలాసేపటికి చెంగు తీస్తే, తెలుపు కరిగి పూస మళ్లీ దిగుతోంది.

"ఆగి ఉన్నప్పుడూ సమానమేనండి," అంది. "ఇలా ఒకే తీరున దిగుతున్నప్పుడూ సమానమేనండి. ఆగేటప్పుడూ, బయల్దేరేటప్పుడే తేడా అండి."

ఆయన ఏదో రాసుకుని, లేచి గుమ్మం దాకా వెళ్లారు.

"రేపు ఏం పాఠం చెబుతారమ్మా?" అన్నారు వెనక్కి తిరిగి.

"ఆయ్, ఘర్షణండి."

రేపు ఉందని ఆమెకి ఆయన వెళ్లాక గాని తట్టలేదు. తట్టాక ఏడుపు ఆగలేదు.