తడిసిన ప్లగ్గు

బావ ఇరవై ఏళ్లుగా పాలిటెక్నిక్‌లో ఇంజిన్ల పాఠం చెబుతున్నాడు. ఆ మధ్యాహ్నం మాత్రం మరదలి పడవలో బల్లను రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. ఈత రాదు. ఆసుపత్రిలో ఉన్న భార్యను చూడాలంటే ఏరు దాటక తప్పదు. మరదలూ పడవ నడపడానికి కొత్తే. భర్త చెయ్యి విరిగాక, పది రోజులుగా పడవ తనే నడుపుతోంది.

నడిమధ్యలో ఇంజిన్ దగ్గి ఆగిపోయింది.

ఆమె తాడు లాగింది. పదిసార్లు లాగినా ఉలుకూ పలుకూ లేదు. పడవ పక్కకు తిరిగి కిందికి కొట్టుకుపోసాగింది. లంగరు వేస్తే ఇసుకలో పట్టు దొరకలేదు. కింద ఆనకట్ట గేట్లు ఎత్తినట్టున్నారు, హోరు వినిపిస్తోంది.

"ట్యాంకు నిండా పెట్రోలుంది బావా! ఏమైందో తెలీట్లేదు!"

బావకు పై ప్రాణాలు పైనే పోయాయి. అంతలో ముక్కుకు ఘాటుగా వాసన తగిలింది.

"పెట్రోలు ఎక్కువైందమ్మాయ్! గాలి కలవందే అది మండదు. మండితేనే పిస్టన్ని తోస్తుంది, పిస్టన్ తోస్తేనే..."

"పాఠం తర్వాత చెబుదురుగాని, ఏం చెయ్యాలో చెప్పండి!"

"గాలి దారి మూసే చోక్ చూడు!"

మూసే ఉంది. తెరవడం మర్చిపోయింది.

"తెరువు. ప్లగ్గు ఊడదియ్యి, తడిస్తే నిప్పురవ్వ రాదు."

పానా జారి ఆమె వేళ్లు చీరుకున్నాయి. ప్లగ్గు తడితడిగా వచ్చింది. బావ చొక్కా అంచుతో తుడవబోతే అది జారి నీళ్లలో పడబోయింది. చప్పున పళ్ల మధ్య కరిచిపట్టి తుడిచాడు. నోరంతా పెట్రోలు.

"ఇప్పుడు ప్లగ్గు లేకుండానే లాగు. లోపలున్నది బయటికి పోవాలి."

లాగిన ప్రతిసారీ రంధ్రంలోంచి పెట్రోలు చిమ్మింది. ఆనకట్ట దగ్గర తెల్లటి నురుగు కనిపిస్తోంది. ప్లగ్గు బిగించి లాగింది. లేదు. మళ్లీ లాగింది. టప్పుమని ఒక్క చప్పుడు. బావ కళ్లు మూసుకున్నాడు.

మూడోసారికి అందుకుంది.

పడవ చాలాసేపు ఉన్నచోటే పెనుగులాడి, తర్వాత అంగుళం అంగుళంగా ఎదురెక్కింది.

రేవు చేరాక బావ బల్ల వదిలి లేచాడు. మరదలు ఇంజిన్ ఆపలేదు.

"ఆపమ్మా, వచ్చేశాంగా."

"ఆపితే మళ్లీ అందుకోదేమో బావా," అంది.

రేవులో ఉన్నవాళ్లు వచ్చి పడవను రాతికి కట్టేదాకా ఆమె ఇంజిన్ మీది చెయ్యి తియ్యలేదు.