ఉప్పలమ్మ గోడ

నెల్లికుదురులో ఆ వాడ ఆడవాళ్లంతా కలిసి ఇళ్ల గోడలకు బొమ్మలు వేయాలనుకున్నప్పుడు, పెద్దరికం తనదేనని సుజాత అనుకుంది. ఏళ్లుగా ఎవరింట పెళ్లయినా వాకిట్లో ముగ్గు వేసేది ఆమే. కానీ నర్సింహులపేట దగ్గరి తండా నుంచి నిరుడు ఇక్కడికి అద్దెకొచ్చిన చంద్రి, మొదటి గోడ మీదే జంట నెమళ్లు వేసింది. అంతే, రంగులు పట్టుకున్న వాళ్లంతా చంద్రి చుట్టూ చేరారు.

"తలకాయ నొస్తున్నది" అని సుజాత రావడం మానేసింది.

బొమ్మలు పూర్తయ్యాక పక్క ఊళ్ల జనం కూడా వచ్చి సందులన్నీ తిరిగి చూసిపోతున్నారు. ఒక మధ్యాహ్నం సుజాత కూడా బయల్దేరింది, వంకలు వెతకడానికి. ఒకచోట రంగు కారింది. ఒకచోట ఎడ్లబండికి చక్రం చిన్నదైంది. పత్తిచేను మాత్రం బాగుంది. ఎవరు వేశారో అడగబుద్ధి కాలేదు. ఎన్నడూ అడుగుపెట్టని సందుల్లోకి కూడా అలా తిరుగుతూ పోయింది.

చివరి సందులో ఒక గోడ ఖాళీగా ఉంది. అరుగు మీద ఉప్పలమ్మ అనే ముసలామె చింతపండు గింజలు తీస్తోంది.

"నీ గోడకెందుకు ఏయలేదవ్వా?"

"మట్టిగోడ గదా బిడ్డా, రంగు నిలువదన్నరు. నువ్వేయరాదూ? ముగ్గుల సుజాతవు నువ్వే గదా?"

ఆ పిలుపుకే సుజాత కరిగిపోయింది. ఇంటికెళ్లి జాజు, సున్నం తెచ్చింది. గోడంతా ఎర్రగా జాజు అలికి, పొద్దు వాలేలోగా తెల్లటి తీగలు, తామరలు అల్లేసింది.

ఉప్పలమ్మ తృప్తిగా చూసింది. "మస్తుగున్నది బిడ్డా. గీ మూలకు రెండు నెమళ్లుంటే ఇంకా మంచిగుంటది. జర చంద్రిని పిలుస్తవా?"

సుజాతకు ఒళ్లు మండింది. "నేనే ఏస్త" అంది. వేసింది. ముసలామె కాసేపు చూసి, "కోళ్లు గూడ మంచిగనే ఉన్నయి" అంది.

సుజాతకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. నేరుగా చంద్రి ఇంటికి వెళ్లి గుమ్మంలో నిలబడింది.

"నెమలి నాకు వస్తలేదు. జర రా."

చంద్రి కుట్టుమిషను ఆపి లేచింది. "వస్త గని అక్కా, ఆ తీగ ముగ్గు నాకు నేర్పుతవా? నీ వాకిట్ల ఎన్నిసార్లు నిలబడి చూసిన్నో. అడుగుదమంటే బుగులైంది."

సుజాత తల ఊపింది.

ఉప్పలమ్మ గోడ మీద చంద్రి ఒక్క తిప్పుతో నెమలి మెడ తీస్తుంటే సుజాతకు మళ్లీ ఒళ్లు మండింది. అయినా సున్నపు గిన్నె ఆమె చేతికి అందేలా దగ్గరగా పట్టుకుని నిలబడింది.