మడమలు

పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు అంటారు. ఆ మాట పుట్టించినవాళ్ళు థీమ్ పార్కు గేటు చూసి ఉండరు. చూసి ఉంటే పిల్లి ఊసే ఎత్తేవారు కాదు. పిల్లికి కనీసం గోళ్ళుంటాయి, ఇష్టం లేకపోతే రక్కి దూకేస్తుంది. చంటిపిల్లకు ఆ వీలు కూడా లేదు.

చంటిపిల్ల పంతులమ్మ భుజం మీద ఉంది. తమ్ముడి కూతురు, ఏడు నెలలది. దాని అన్న బుడ్డోడికి మొన్ననే మూడేళ్ళు నిండాయి. వాడు కొత్త బూట్లు వేసుకుని, తండ్రి చెయ్యి పట్టుకుని కాళ్ళీడ్చుకుంటూ నడుస్తున్నాడు. ముందు మరదలు. ఆమె చేతిలో గంటల వారీగా అచ్చు వేయించిన పట్టిక. తొమ్మిదిన్నరకు కుందేలు, పదింపావుకు కోట, పదకొండున్నరకు పడవ. ముప్ఫై ఏళ్ళుగా ఒకటో తరగతికి పాఠాలు చెబుతున్న పంతులమ్మకు టైంటేబుల్ అంటే గౌరవమే. అయితే పాలకూ నిద్రకూ ఒంటికీ ఒక్క గడైనా లేని టైంటేబుల్ చూడటం ఆమెకు అదే మొదటిసారి.

ఆమె భర్త పోయి నాలుగు నెలలైంది. "నీకూ మార్పుగా ఉంటుంది, రా అక్కా" అన్నాడు తమ్ముడు. అక్కడితో ఆగకుండా, వచ్చే నెల నుంచి తమ ఇంట్లోనే ఉండమన్నాడు. మేడమీద గది ఖాళీ చేయిస్తానన్నాడు. పొద్దున్నే రెండో గ్లాసు కూడా కడిగి బోర్లించే అలవాటు ఇంకా పోని మనిషికి అది చిన్న మాట కాదు. ఆ మాట కోసమే ఆమె ఉదయం నుంచి నోరు కుట్టేసుకుంది.

కుందేలు మనిషి ఎత్తుకు ఒకటిన్నర ఉంది, కళ్ళు పళ్ళేలంత. చూడగానే చంటిది గుక్కపట్టింది. బుడ్డోడు తండ్రి కాళ్ళ సందున దూరాడు. తమ్ముడు వాణ్ణి బయటికి లాగి, నవ్వమని చెప్పి ఫోనెత్తాడు. వేషంలో ఉన్న మనిషి ఎవరో గానీ మర్యాదస్థుడు, రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ గుంపులో కాస్త బుద్ధి ఉన్నది ఆ కుందేలుకేనని పంతులమ్మ అనుకుంది.

కోట దగ్గర యాభై నిమిషాలు నిలబడ్డారు. లోపల ప్లాస్టిక్ మంచం మీద ప్లాస్టిక్ రాకుమారి పడుకుని ఉంది. అప్పటికి చంటిది కూడా నిద్రపోయింది. ఆ కోటలో ఎవరికైనా సుఖం దక్కిందంటే దానికే. మరదలు దాని చెంప తట్టి లేపింది. "ఫోటోలో కళ్ళు మూసుకుంటే ఎలా వదినా, పెద్దయ్యాక గుర్తుండొద్దూ?" అంది. నిద్రలో ఉన్న పిల్లను దేన్ని గుర్తు పెట్టుకోమంటోందో పంతులమ్మ అడగలేదు.

ఆ తర్వాత పడవ. గుట్ట మీదికి ఎక్కి, అక్కణ్ణుంచి నిట్టనిలువుగా నీళ్ళలోకి జారే పడవ అది. జారే క్షణంలో యంత్రమే ఫోటో తీస్తుంది. తమ్ముడు తనకూ భార్యకూ కొడుక్కూ కలిపి ఒకే వరసలో మూడు సీట్లు ముందే తీసి పెట్టుకున్నాడు. ఆఫీసులో తన బల్ల మీదికి ఫ్రేము కూడా కొని ఉంచాడు. ఇక మిగిలింది లోపల బొమ్మ పడటమే.

దారి మొదట్లో పెద్ద అక్షరాలతో బోర్డు ఉంది. మీటరు ఎత్తు లేని పిల్లల్ని ఎక్కించరు. ఒడి మీదికి దిగే ఇనపకడ్డీ పొట్టి పిల్లల్ని పట్టి ఉంచదు, కింది నుంచి జారిపోతారు. బోర్డు చదివి పంతులమ్మ బుడ్డోడి వైపు చూసింది. పిల్లల్ని కంటితో కొలవడం ఆమెకు వృత్తిలో వచ్చిన విద్య. బూట్లు తీసేస్తే వాడు రెండు వేళ్ళు తక్కువ. పోనీలే, గేటు దగ్గర వాళ్ళే ఆపుతారనుకుంది.

బుడ్డోడు అప్పటికే కుంటుతున్నాడు. పొద్దుట్నుంచీ బూట్లు విప్పమని గోల. కొత్తవి కదా, అలవాటవుతాయని మరదలు తోసిపుచ్చుతూనే ఉంది. లైను కదలక వాడు నేల మీద కూలబడ్డాడు. పంతులమ్మ చంటిదాన్ని వెంట తెచ్చిన పిల్లల బండిలో పడుకోబెట్టి, వంగి, వాడి మడమ వెనక వేలు దూర్చింది. వేలికి అట్ట తగిలింది. బిస్కెట్ల పెట్టె అట్ట, మడతల మీద మడతలు పెట్టి కుక్కి ఉంది. రెండో బూటులోనూ అంతే.

ఆమె తమ్ముణ్ణి పక్కకు పిలిచింది. వాడు సిగ్గుపడలేదు సరికదా, తెలివైన పని చేసినవాడిలా నవ్వాడు. అందరూ చేసేదేనట, రెండు సెంటీమీటర్లకు ఇంత రాద్ధాంతమా అన్నాడు. కడ్డీ సంగతి బోర్డు మీదే రాసి ఉందని ఆమె చూపించింది.

"నేను గట్టిగా పట్టుకుంటాగా. కన్నవాణ్ణి నేను. కందకు లేని దురద కత్తిపీటకెందుకక్కా?"

"పట్టు తప్పితే?"

"చూడక్కా, రేపు మా ఇంట్లో ఉండబోయేదానివి. ప్రతిదానికీ ఇలా బెత్తం పట్టుకుంటే ఎలా చెప్పు?"

మాట మెత్తగానే ఉంది. అందులో మేడమీద గది తలుపు సగం మూసుకున్న చప్పుడు ఆమెకు వినబడింది. లైను కదిలింది.

గేటు దగ్గర చెక్క ఎలుగుబంటి చెయ్యి చాచి నిలబడి ఉంది. తల ఆ చేతికి తగిలితేనే లోపలికి. కాపలా అమ్మాయి బుడ్డోణ్ణి నిలబెట్టింది. తల సరిగ్గా తగిలింది. "పంపించండి" అంది ఆ అమ్మాయి, మొహం కూడా ఎత్తకుండా.

పంతులమ్మ తరగతి తలుపు పక్కన కూడా ఒక కొలతబద్ద ఉంది. వడ్రంగి అయిన ఆమె భర్త చేసి బిగించాడు. ఏటా బడి తెరిచిన రోజున వచ్చి, పిల్లల్ని తనే నిలబెట్టి గీత పెట్టేవాడు. పెద్దవాళ్ళమైపోవాలని మునివేళ్ళ మీద లేవని పిల్లలుండరు. ఆయన కోప్పడేవాడు కాదు. "మడమలు" అనేవాడు, అంతే. మడమలు దిగేవి. ఈ ఏడు బడి తెరిచిన రోజున ఆ బద్ద దగ్గర ఎవరూ నిలబడలేదు. ఆమె నిలబెట్టలేకపోయింది.

ఆమె ముందుకు వెళ్ళి బుడ్డోడి బూట్లు రెండూ లాగేసింది.

"మడమలు నాన్నా" అంది. "మడమలు ఆనించు."

వాడు హాయిగా ఊపిరి వదిలి, అరికాళ్ళు నేలకు ఆనించి నిలబడ్డాడు. ఎలుగుబంటి చేతికీ వాడి నెత్తికీ మధ్య రెండు వేళ్ళ సందు తేలింది. కాపలా అమ్మాయి బూటు వంచింది. అట్ట జారి కిందపడింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

తమ్ముడి మొహం కందగడ్డయింది. "కని పెంచితే తెలిసేది" అన్నాడు, ఆమెకు మాత్రమే వినపడేలా. చెవికి చేరిన మాట ఎక్కడిదాకా దిగిందో ఆమె మొహంలో కనబడనివ్వలేదు.

అంత జరిగాక ఇంటిదారి పడతారనుకుంటాం. ఫ్రేము కొన్నారు కదా! మొగుడూ పెళ్ళాం పిల్లలిద్దర్నీ ఆమెకు వదిలి పడవెక్కారు.

బుడ్డోడు బెంచీ పక్కనున్న స్తంభానికి వీపు ఆనించి నిలబడ్డాడు. "మడమలు" అని తనకు తానే చెప్పుకుని, కొలవమన్నట్టు ఆమె వైపు చూశాడు. ఆమె వాడి నెత్తి మీద అరచెయ్యి పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.

ఇద్దరూ తడిసి ముద్దై దిగారు. ఫోటో అప్పటికే పక్క కొట్టు కిటికీలో వెలిగింది. ఎడమ పక్క గుహలా నోరు తెరిచి తమ్ముడు, కుడి పక్క కళ్ళు గట్టిగా మూసుకుని మరదలు. ఇద్దరూ ఎవరి కడ్డీని వాళ్ళు రెండు చేతులా వాటేసుకుని ఉన్నారు. పట్టుకుంటానన్న చెయ్యి ఎక్కడా లేదు. మధ్య సీటు ఖాళీ. దాని మీది కడ్డీ పూర్తిగా దిగి ఉన్నా, కింద జానెడు సందు ఉంది.

మరదలు ఆ సందు వైపు చూసింది. వచ్చి బుడ్డోణ్ణి ఎత్తుకుంది.

తమ్ముడు మాత్రం, "చూశావా, ఫోటో పాడైంది" అన్నాడు. మేడమీద గది పిల్లల బొమ్మలకు అవసరం పడేలా ఉందని గొణిగాడు.

"బొమ్మలకే ఉంచరా" అంది పంతులమ్మ. "నాకు మా ఇల్లుంది."