రా, ఉందాం

సంకటి గెలుకుతుంటే ముందుగదిలోంచి చెఫోర్ కేకేశాడు. "ఏమే, అయిందా? మాస్టారు ఆకలితో ఉన్నారు."

మాస్టారంటే తాంఫూ. రిటైరైన హెడ్మాస్టరు, మా పక్కింటాయన. ప్రతి సోమవారం పెరటి కంచె దాటి వస్తాడు. వీధిలోంచి రాకూడదు. సోమవారం బందు నాడు మా బమెండాలో కొట్టు తెరిస్తే, కామెరూన్ నుంచి విడిపోవాలని అడవిలో చేరిన మన కుర్రాళ్ళు తగలబెడతారు, రోడ్డు మీద కనిపిస్తే సిపాయిలు పట్టుకుపోతారు. ఆ రోజుని దెయ్యాల ఊరు అంటారు. దెయ్యాలకి వంట అక్కర్లేదు. మగవాళ్ళకి కావాలి.

చెఫోర్ లాయరు. ఇంగ్లీషు చట్టం నడిచే మా వైపు కోర్టులకి సర్కారు ఫ్రెంచి జడ్జీలను పంపిందని మూడేళ్ళ కిందట లాయర్లంతా రోడ్డెక్కారు. ఆ రోజు విప్పిన నల్లకోటు అతను మళ్ళీ తొడగలేదు. నేను అదే కోర్టులో టైపిస్టుని. మంగళవారం నుంచి శుక్రవారం దాకా వెళతాను. నా జీతాన్ని అతను ఫ్రెంచోడి కూలి అంటాడు. ఇంట్లో ఉప్పూ, సబ్బూ, అతని కల్లూ ఆ కూలితోనే వస్తాయి.

అతను చెప్పేది తప్పని నేను అనలేను. అక్కడే నాకు తికమక. ఒకసారి పొలం తగాదాలో ఒక ముసలమ్మని బోనులో నిలబెట్టారు. జడ్జి ఫ్రెంచిలో అడుగుతున్నాడు. పెద్దవాళ్ళ మాటకి ఎదురు చెప్పకూడదని పెరిగిన మనిషి ఆమె. అర్థం కాకపోయినా ప్రతిదానికీ తలూపింది. నేరం ఒప్పుకుంది అని రాయమన్నాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెఫోర్ చేతులు పట్టుకుని, "మీరు చెప్పేదే నిజం, విడిపోవాలి" అన్నాను. అతను చేతులు విడిపించుకుని కాఫీ పెట్టమన్నాడు.

మరి లుమ్ సంగతేమిటి? మా అమ్మాయికి పదకొండేళ్ళు. సర్కారు చదువు వద్దని కుర్రాళ్ళు బడులు మూయించారు. చెఫోర్ సరేనన్నాడు. "దేశం వచ్చాక చదువుతుందిలే." దేశం ఇంకా రాలేదు. లుమ్ కామంచి ఆకు కడుగుతుంది, నీళ్ళు మోస్తుంది, నాయనమ్మ కాళ్ళు పిసుకుతుంది. మొన్న ఆకు కడుగుతూ, "అమ్మా, ఏడెనిమిదులెంత? మర్చిపోయా" అంది. చెప్పాను. చెప్పాక నాకే అనుమానం వచ్చింది.

మా అక్క ఎంబూడాలో ఉంటుంది. మా నాన్న ఊరు సాంతా దాటితే ఫ్రెంచి వైపు మొదటి పట్నం అది. అక్కడ బడి నడుస్తుంది. చెఫోర్‌ని ఒకసారి అడిగి చూశాను. "నా కూతురు ఫ్రెంచిలో చదవడమా? నేను పోయాక పంపుకో" అన్నాడు. తాంఫూ మనవలు డువాలాలో ఫ్రెంచిలోనే చదువుతున్నారు కదా అన్నాను. "అది వేరు" అన్నాడు.

మాకు పెళ్ళి కాలేదు. మా వైపు పెళ్ళంటే మగపిల్లాడి వాళ్ళు కల్లూ, తాంబూలంలా ఇచ్చే కోలా కాయలూ పట్టుకుని అమ్మాయి తండ్రి గుమ్మం తట్టాలి. తట్టకుండా కలిసుంటే దాన్ని 'రా, ఉందాం' అంటారు. పన్నెండేళ్ళుగా ఉంటున్నాం. మొదట్లో ఈ కేసు అవనీ అనేవాడు, తర్వాత ఈ పోరాటం అవనీ అన్నాడు. వెళ్ళినప్పుడల్లా మా నాన్న, "నా తలుపు చప్పుడు వినపట్టంలేదమ్మా. నాకు చెవుడొచ్చిందంటావా?" అని అడుగుతాడు. మామగారి కర్మకి కోడళ్ళందరికీ ఒకే రంగు గుడ్డ పెట్టారు. నాకు పెట్టలేదు. "తలుపు తట్టించుకోని దానికి గుడ్డెందుకే? పొయ్యి దగ్గర మసవుతుంది" అంది అత్తగారు. ఊరందరికీ ఆ పొయ్యి దగ్గర వండింది నేనే.

సంకటి ముద్దలు, కామంచి కూర పెట్టాను. చేతులు కడిగించడానికి గిన్నెలో నీళ్ళు తెచ్చేసరికి తాంఫూ మాట్లాడుతున్నాడు.

"రేడియో విన్నావా? మనకి ప్రత్యేక హోదా ఇస్తారట."

చెఫోర్ నవ్వాడు. "పెళ్ళాం మూట కట్టుకుని గుమ్మం దిగాక, ఆగవే కొత్త గుడ్డ కొంటా అన్నాట్ట ఒకడు."

"విడిపోడానికి రాజ్యాంగం ఒప్పుకోదంటున్నారు కదయ్యా. దేశం ఒక్కటే, విడగొట్టకూడదట."

"ఎవరి రాజ్యాంగం మాస్టారూ? తెల్లోడు పోతూ పోతూ ఓటు పెట్టాడు. నైజీరియాతో పోతారా, కామెరూన్‌తో పోతారా అన్నాడు. మీ అంతట మీరు ఉంటారా అని అడిగాడా? సరే, ఇటొచ్చాం. ఒప్పందం మీద సంతకం ఏదీ? మన తలుపు తట్టిందెవరు? ఇది పెళ్ళి కాదు. రా, ఉందాం, అంతే. దాంట్లోంచి లేచి పోడానికి ఎవడి అనుమతీ అక్కర్లేదు. విడాకులు కూడా అక్కర్లేదు."

"మరి పిల్లలో?" తాంఫూ కన్ను గీటాడు.

"తలుపు తట్టనోడికి పిల్లలెక్కణ్ణించొస్తారు? మన ఆచారంలో అలాంటి బిడ్డ తల్లి పుట్టింటిది. మన నేలా, మన జనం, అంతా మనదే."

లుమ్ తువ్వాలు పట్టుకుని నా వెనకే ఉంది. అతను దేశం గురించి చెబుతున్నాడా, నా గురించా అన్నది నాకు ఒక క్షణం అర్థం కాలేదు.

"మళ్ళీ చెప్పండి" అన్నాను.

అతని మొహం వెలిగింది. ఇన్నేళ్ళలో నేనలా అడగలేదు. "చూశారా మాస్టారూ, మా ఆవిడక్కూడా ఎక్కుతోంది" అని, కోర్టులో వాదించినట్టు నిదానంగా మొత్తం మళ్ళీ చెప్పాడు. పిల్లల మాట కూడా.

గిన్నెలు తోముతూ ఆ మాటలే తిప్పుకున్నాను. అతని వాదన నెగ్గితే నేను వెళ్ళొచ్చు. ఓడితే, సంతకం లేకపోయినా కాపురం కాపురమే, నేను ఉండాలి. అంటే నేను వెళ్ళాలంటే అతను నెగ్గాలి. అతను నెగ్గాలని కోరుకుంటూ, అతను శత్రువంటున్న వాళ్ళ బళ్ళో పిల్లని వెయ్యడం ఏమిటి? ఆ ముసలమ్మ నన్ను చూస్తే ఏమంటుంది? లుమ్ కూడా రేపు అర్థం కాని మాటలకి తలూపుతూ నిలబడుతుందా? లేక ఆ మాటలు వచ్చి ఉంటే తలూపదా? మీ అంతట మీరు ఉంటారా అని నన్నూ ఎవరూ అడగలేదు. నాన్న ఇల్లు, చెఫోర్ ఇల్లు, ఇప్పుడు అక్క ఇల్లు. నాదంటూ ఒకటి ఎటువైపుందో నాకు తెలియదు. పిల్ల ఎక్కాలు మర్చిపోతోందని మాత్రం తెలుసు.

మంగళవారం పొద్దున బస్సులు తిరగడం మొదలయ్యాక మూట కట్టి చేతికి తీసుకున్నాను.

"కోర్టుకి మూటెందుకే?" అన్నాడు చెఫోర్.

"లుమ్‌ని ఎంబూడా తీసుకెళ్తున్నా. బళ్ళో వేస్తాను."

"ఎవర్నడిగి?"

"అడగక్కర్లేదని నిన్న మీరే చెప్పారు. రెండుసార్లు."

"అది దేశం సంగతే, పిచ్చిదానా."

"తలుపు సంగతనుకున్నాను."

అతను లోపలి గది వైపు చూశాడు. తల్లి వింటుందేమోనని గొంతు తగ్గించాడు. నాతో అంత మెల్లగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "చూడూ, శనివారం మా వాళ్ళని తీసుకుని సాంతా వస్తాను. మీ నాన్న గుమ్మం తడతాను. నీకు గుడ్డ కూడా పెట్టిస్తాను. ఆ మూట దించు."

ఆ మాట కోసం పన్నెండేళ్ళు చూశాను. నిజం చెప్పాలంటే, దించాలనే అనిపించింది. గేటు దగ్గర లుమ్ వేళ్ళు మడుస్తూ ఏదో లెక్క వేస్తోంది. తప్పి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

"ప్రత్యేక హోదానా, లాయరుగారూ?" అన్నాను, మూట నెత్తికెత్తుకుంటూ.