కుండపెంకు మసి

జయకుమారికి ఆ స్కూలు మీద కోపం ఇవాళ్టిది కాదు. మూడో తరగతి పిల్లలకు పుస్తకంలో ఉన్న పాఠం చెప్పి ఊరుకోవచ్చు కదా! మన ప్రాంతం చరిత్రను చేతులతో తడిమి నేర్చుకోవాలట. ఒక వారం బంకమట్టి తెమ్మన్నారు, ఇంకో వారం గోనెసంచి. ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో పదకొండో అంతస్తులో కాపురం ఉండేవాళ్లకు బంకమట్టి ఎక్కడిది? ఆన్‌లైన్లో తెప్పించాల్సి వచ్చింది.

ఆస్పత్రిలో ఆమెది ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సు ఉద్యోగం. చేతులు కడుక్కోని డాక్టర్లనైనా నిలబెట్టి అడగడమే ఆమె పని. అలాంటి మనిషి ఇంటికి బుధవారం సాయంత్రం కూతురు అబిగెయిల్ ఒక కుండపెంకు పట్టుకొచ్చింది. అపార్టుమెంట్ల వెనకున్న పాత ఊరికి పిల్లలను బస్సులో తీసుకెళ్లారట. కూల్చబోతున్న ఇంట్లోంచి ఒక ముసలావిడ తలా ఒక వస్తువు ఇచ్చిందట. అదేమిటో, దేనికి వాడారో పిల్లలే కనిపెట్టి, శనివారం తల్లిదండ్రుల ముందు చెప్పాలి.

అబిగెయిల్ క్లాసులో నోరు విప్పదని మూడేళ్లుగా ప్రతి టీచరూ చెబుతూనే ఉంది. ఈసారి తనంతట తనే చెయ్యెత్తి, తాను మాట్లాడతానందని రిచా మేడమ్ డైరీలో రాసి పంపింది. అది చదివి జయకుమారి పొంగిపోయింది. ఆ వెంటనే పెంకును తిప్పి చూసి హడలిపోయింది. అడుగంతా మసి, అంచుల్లో మట్టి. పిల్ల స్నానానికి వెళ్లగానే డెట్టాల్ నీళ్లలో నానేసి, స్టీలు పీచుతో అరగంట తోమింది. పెంకు ఎర్రగా తేలింది. తన పనితనానికి తనే మురిసిపోయింది కూడా.

అబిగెయిల్ వచ్చి పెంకును అటూ ఇటూ తిప్పింది. "మమ్మీ, కాలా వాలా కహా గయా?"

"నలుపా? మసి కదమ్మా, కడిగేశాను. ఎన్ని క్రిములుంటాయో తెలుసా?"

"వహీ తో థా," అంది పిల్ల.

అసలు సంగతి ఆ మసిలోనే ఉందట. దాన్ని బట్టే అది పిడకల పొయ్యి మీద పాలు కాచిన కుండ అని తను కనిపెట్టిందట. ఇప్పుడిది పూలకుండీ ముక్క అంటే మాత్రం కాదనేదెవరు? ఇదంతా ముందే ఒక కాగితం మీద రాసి పంపితే వాళ్ల సొమ్మేం పోయింది అని జయకుమారి స్కూలును తిట్టుకుంది.

మర్నాడు డ్యూటీకి వెళ్తూ, ఇంకో పెంకు అడుగుదామని ఆ ఊరికి వెళ్లింది. ఇల్లు లేదు. చదును చేసిన నేల మీద జేసీబీ నిలబడి ఉంది. "దాదీ బేటే కే పాస్ గయీ, గ్రేటర్ నోయిడా," అన్నాడు కాపలా మనిషి. ముసలావిడ కొడుకు దగ్గరికి వెళ్లిపోయిందట.

శుక్రవారం పొద్దున్నే పట్టకారుతో పెంకును గ్యాస్ మంట మీద పెట్టింది. పెంకు కాలింది గానీ మసి పట్టలేదు. విసుగెత్తి, క్రిస్మస్‌కు మిగిలిన కొవ్వొత్తి వెలిగించింది. ఈసారి నల్లగా పట్టింది.

"చూడు, అచ్చం ముందున్నట్టే ఉంది. ఎవరికీ ఏం చెప్పక్కర్లేదు."

అబిగెయిల్ దాన్ని కాగితంలో చుట్టి పెట్టుకుంది.

శనివారం హాలు నిండిపోయింది. అబిగెయిల్ వంతు రాగానే రిచా మేడమ్ పిల్ల చేతిలోని పెంకును అందరికీ కనబడేలా తిప్పించింది. ఆ నలుపు ఎన్నో ఏళ్లు పొయ్యి మీద కాగి కాగి పట్టిందని, ఏ దుకాణంలోనూ దొరకదని చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. గండం గట్టెక్కింది అనుకుని జయకుమారి కూడా కొట్టింది.

అబిగెయిల్ తన అరచేతులు చూసుకుంది. రెండూ నల్లగా ఉన్నాయి. వాటిని పైకెత్తి అందరికీ చూపించింది.

"మ్యామ్, అస్లీ వాలా హాథ్ పే నహీ లగ్తా థా. యే కల్ కా హై. మమ్మీ నే మోమ్‌బత్తీ సే లగాయా."

అసలు మసి చేతికి అంటేది కాదు, ఇది నిన్నటిది, అమ్మ కొవ్వొత్తితో పట్టించింది. హాలు చివరి వరసకు కూడా వినబడేంత స్పష్టంగా చెప్పింది. ఎవరో కిసుక్కుమన్నారు. పక్క కుర్చీ ఆవిడ తిరిగి చూసింది. ఇప్పుడు ఎవరిని తిట్టుకోవాలో జయకుమారికి తోచలేదు. తన కూతురు నలుగురిలో నోరు విప్పితే చాలని మూడేళ్లుగా ప్రతి ఆదివారం మోకరించిన ఆ తల్లి, తల దించుకుని కూర్చుని, పిల్ల చెబుతున్నదంతా చివరిదాకా వింది.